పురుగుల ఇంటి బయట మా అత్త

మా అత్త తిట్టడం మొదలుపెడితే బావి దగ్గర ఎత్తుకున్న మాట రోడ్డు దాకా వెళ్లేది. మధ్యలో ఎక్కడా ఆగేది కాదు. పుంగనూరు నుంచి పెద్దపంజాణి వైపు పోయే బస్సులో కూర్చున్నవాళ్లు కూడా ఆ ఇంటి కోడలు ఈ రోజు ఏం వెలగబెట్టిందో తెలుసుకునే పోయేవాళ్లు. నేను మదనపల్లె టౌనులో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో గట్టిగా మాట్లాడాలంటే ముందు కిటికీ మూసేవాళ్లు. అట్లాంటి ఇంటి నుంచి తొంభైల మధ్యలో ఈ ఇంటికి కోడలిగా వచ్చి పడ్డాను.

వచ్చాక తెలిసింది, ఈ ఇల్లు మనుషులది కాదు, పట్టుపురుగులదని. ఇల్లంటే ఒక పొడుగాటి హాలు. దాంట్లో నేల నుంచి కప్పు దాకా వెదురు తట్టలు. తట్టల నిండా పురుగులు. మిగిలిన మూలలో మేము. కొత్తల్లో ఒక తెల్లవారుజామున చిటపట చప్పుడు విని, వాన పడుతోందని ఆరేసిన బట్టలు తియ్యడానికి పరిగెత్తాను. పురుగులు మల్బరీ ఆకు నములుతున్న చప్పుడది. ఆ సంగతి ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నారు. చెప్పింది మా అత్తే.

పురుగులు నాలుగుసార్లు ఆకు ముట్టకుండా తలెత్తి కదలకుండా ఉండి కుబుసం విడుస్తాయి. దాన్ని మా వైపు జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్క. పురుగులు జ్వరంలో ఉంటే మా అత్త నడక మారిపోయేది. గిన్నె కింద పడినా ఊరుకునేది కాదు. కన్నబిడ్డకు ఒళ్లు కాలితే కూడా అంత కంగారు పడి ఉండదని మా ఆయనే అనేవాడు.

ఇంకో కట్టుబాటు ఉండేది. తట్టల్లో పురుగులున్నన్నాళ్లు బయటివాళ్లు గడప దాటకూడదు, లోపల ఏముందో బయటివాళ్లకు చెప్పకూడదు. దిష్టి తగిలితే పంట మొత్తం పోతుందని భయం. ఎవరైనా "పురుగులు ఎట్లుండాయి?" అని అడిగితే, బంగారంలా ఎదుగుతున్నా సరే, "ఏందో, అట్లా ఉండాయి" అనాలి. మా నాన్న నన్ను చూడ్డానికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా మా అత్త ఆయన్ను పందిరి కిందే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపించింది. ఆ కోపం నాకు చాన్నాళ్లు ఉండింది.

ఆమెకు దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరమూ చెప్పలేం. మా ఇంట్లో దగ్గును ఎవరూ లెక్కపెట్టరు. నాకు అనుమానం వచ్చింది దగ్గుతో కాదు, తిట్లతో. బావి దగ్గర మొదలైన తిట్టు పందిరి దగ్గరే ఆగిపోయేది. కాసేపు గుంజ పట్టుకుని నిలబడి, మిగతాది పూర్తి చేసేది. తర్వాత తర్వాత సగం తిట్టి చెయ్యి ఊపేసేది, మిగతాది నువ్వే అనుకో అన్నట్టు. మొదట్లో నాకు హాయిగానే అనిపించింది. పోనుపోను భయం వేసింది.

తోటకు పోయి ఆకు కోసుకు రావడం ఆమె వల్ల కావడం లేదని మా ఆయన కనిపెట్టాడు. మా ఇళ్లలో చేతకానివాళ్లను పడుకోమనరు, కూర్చుని చేసే పని ఇస్తారు. అది మాకు తెలిసిన ప్రేమ. "మా, నువ్వు తోటకు రావద్దులే. నీడ పట్టున కూసోని చంద్రికలు శుభ్రం చెయ్యి" అన్నాడు. చంద్రికలంటే పురుగులు గూళ్లు కట్టుకోవడానికి వాడే వెదురు చాపలు. గూళ్లు తీసేశాక వాటికి పాత నూగు అంటుకుని ఉంటుంది. దాన్ని పీకి, దులిపి, మళ్లీ పంటకు సిద్ధం చెయ్యాలి. దులిపితే హాలంతా తెల్లటి ధూళి లేస్తుంది. మా అత్త ఆ ధూళిలో కూర్చుని దగ్గుతూ దులిపేది. ఎండ తగలకుండా ఆమెను చల్లగా కూర్చోబెట్టామని మేమంతా సంతోషపడేవాళ్లం.

పుంగనూరులో డాక్టరు ముందు ఉబ్బసం అన్నాడు. మందులకు తగ్గకపోయేసరికి ఎక్స్‌రే తీయించి, మచ్చలున్నాయి, మదనపల్లెలో క్షయ ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. మా తాలూకాల్లో దగ్గు ఎక్కువైన ప్రతివాళ్లూ చివరకు అక్కడికే చేరతారు. నేను ఇంటర్‌లో సైన్సు చదివానని మా అత్తవారింట్లో నన్ను సగం డాక్టరు కింద లెక్కవేసేవాళ్లు. అందుకని ఏ ఆసుపత్రికైనా తోడు నేనే. కళ్లె పరీక్షలు చేసి క్షయ కాదని తేల్చారు. మా అత్త బయటికొచ్చి, "సూసినావా, నాకేం రోగం లేదు" అని నన్నే గదిమింది. రోగం ఏదో తేలలేదనే సంగతి ఆ సంతోషంలో ఎవరికీ పట్టలేదు.

అదే సమయంలో మదనపల్లెలో మా తమ్ముడి పెళ్లి వచ్చింది. పెళ్లి ముందూ వెనకా కలిపి మా అత్త మా పుట్టింట్లో చాలా రోజులు ఉండిపోయింది. వింతేమిటంటే ఆమె దగ్గు తగ్గింది. మేడ మెట్లెక్కి పోయి అప్పడాలు ఆరబెట్టి వచ్చింది. మదనపల్లె గాలి అట్లాంటిదని మా నాన్న పొంగిపోయాడు. గాలి కాదు, తన మిరియాల చారు అని మా అమ్మ తేల్చేసింది. ఊరికి తిరిగొచ్చాక మా అత్త ఆ చారు నాతో రోజూ పెట్టించింది. అయినా వారం తిరక్కుండానే మళ్లీ గుంజ పట్టుకుని నిలబడింది. "మీయమ్మ చేతిలో ఉండే రుచి నీ చేతిలో యాడుండాది" అని తప్పు నా మీదికే నెట్టింది.

రెండువేల సంవత్సరం దాటాక ఆమె పరిస్థితి మరీ పాడైంది. గట్టు ఎక్కలేదు. కడవ ఎత్తలేదు. తల దువ్వుకుంటే ఆయాసం. అప్పటికి కుప్పంలో పెద్దాసుపత్రి వచ్చింది, ఊపిరితిత్తులకే ప్రత్యేకంగా ఒక డాక్టరున్నాడని ఎవరో చెప్పారు. పోయి చూస్తే ఆయన మా ఆయనకంటే చిన్నవాడు. మా అత్త ఆయన్ను కింది నుంచి పైదాకా చూసి, "మీసాలు సరిగ్గా రాలేదు, ఈయప్ప నన్నేం సూస్తాడు" అంది, ఆయనకు వినపడేటట్టే. ఆయన నవ్వి, "చూడ్డానికి మీసాలక్కర్లేదమ్మా, చెవులు చాలు" అని ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టాడు.

స్కానింగు చూసి ఆయన నన్ను విడిగా పిలిచాడు. ఊపిరితిత్తి స్పంజిలా మెత్తగా ఉండాలి, ఈమెకు అక్కడక్కడా కాలిన చర్మంలా మచ్చకట్టి గట్టిపడింది అన్నాడు. ఈ మచ్చల జబ్బుల్లో రకాలున్నాయట. కొన్ని మందుకు లొంగుతాయి. కొన్నిటికి పెద్దగా చెయ్యగలిగింది లేదు. చూస్తూ చూస్తూ ఉండగానే మచ్చ పెరిగిపోతుంది.

"ఆ రెండో రకం అయితే?" అన్నాను.

"కొన్నేళ్లు. అవి కూడా కష్టంగా" అన్నాడు.

నేను మెట్ల కింద నిలబడి ఏడ్చాను. ఆమె పోతుందన్న బాధ ఒకటి. ఇన్నేళ్లు ఆమె నోటి నుంచి తప్పించుకోవాలని చూసిన నాకే ఆ నోరు మూతపడితే ఇల్లు ఎట్లుంటుందోనని దిగులు పుట్టింది చూడండి, అదింకొకటి.

మర్నాడు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు. ఇంట్లో పావురాలున్నాయా? కోళ్లు లోపల పడుకుంటాయా? బూజు పట్టిన గడ్డి దగ్గర పని చేస్తుందా? పీల్చే గాలిలో ఏదైనా ఒంటికి పడకపోతే కూడా ఇట్లాంటి మచ్చలు వస్తాయని చెప్పాడు.

"ఏమీ లేవప్పా. మా ఇంట్లో ఏం ఉంటాయి" అంది మా అత్త.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు గుడ్లురిమి చూసింది. ఇంట్లో పురుగులు అప్పుడే మూడో జ్వరం నుంచి లేచాయి. కట్టుబాటు కుప్పంలో కూడా కట్టుబాటే. ఆయన అడిగింది పిట్టల గురించీ గడ్డి గురించీ కదా అని నేనూ ఊరుకున్నాను. పురుగులు మాకు పెంచుకునే జంతువుల లెక్కలోకి రావు. అవి ఇంటిలో భాగం. గోడల గురించి డాక్టరుకు ఎవరు చెబుతారు?

అప్పుడాయన ఇంకో పరీక్ష చెయ్యాలన్నాడు. సన్నటి గొట్టం ఊపిరితిత్తిలోకి పంపి, కొంచెం ఉప్పునీళ్లు పోసి, మళ్లీ లాగి, ఆ నీళ్లలో ఏ కణాలు తేలాయో చూస్తారట. ఆ నీళ్లను బెంగళూరుకు పంపాలి. ఫలితం వచ్చేదాకా రోజులు కదల్లేదు. మా అత్త ఇంటికి వచ్చి పురుగుల మధ్యే పడుకుంది, ఇంకెక్కడ పడుకుంటుంది? మా ఆయన పొద్దున లేవగానే వాళ్లమ్మ ఛాతీ కదులుతోందా లేదా అని చూసి తోటకు పోయేవాడు.

ఫలితం వచ్చిందని తెలిసి ముగ్గురం కుప్పం పోయాం. డాక్టరు ముఖం చూస్తే చెడ్డవార్త మోస్తున్నవాడిలా లేడు. మా అత్తకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి ఆయన పడిన పాట్లు నాకిప్పటికీ గుర్తున్నాయి.

"అమ్మా, మన రక్తంలో జబ్బుతో కొట్లాడే తెల్ల కణాలుంటాయి. వాటిలో రకాలున్నాయి. సంతలో ఎవరి పశువుకు వాళ్లు ముద్ర వేసుకుంటారు కదా, అట్లా ఒక్కో రకం కణం ఒంటి మీద ఒక్కో గుర్తు ఉంటుంది. ఆ గుర్తులకు మేం నంబర్లు పెట్టుకున్నాం. నాలుగు, ఎనిమిది, ఇట్లా. గుర్తు చూస్తే ఇది ఎవరి మంద అని తెలుస్తుంది."

"నాకు ఎవురి మంద ఉండాది?" అంది మా అత్త.

"మీ ఊపిరితిత్తి నీళ్లలో లింఫోసైట్లు అనే రకం మస్తుగా ఉన్నాయి. అందులోనూ ఎనిమిది గుర్తువి ఎక్కువ. అంటే మీ ఒళ్లు దేనితోనో రోజూ కొట్లాడుతోంది. ఆ కొట్లాట ఇంకా వేడిగా ఉంది. వేడిగా ఉంటే ఆపొచ్చు. ఈ మంద బాగా ఉన్నవాళ్లు మందుకు లొంగుతారనీ, ఎక్కువ కాలం బాగుంటారనీ చూస్తున్నాం. ఇది జాతకం కాదు, ప్రమాణం చేసి చెప్పలేను. కానీ నాకు ఆశ ఉంది."

ఆశ అనే మాట ఆ ఆసుపత్రిలో మొదటిసారి విన్నాం. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

"కానీ ఒకటి" అన్నాడు డాక్టరు. "దేనితో కొట్లాడుతోందో తెలియాలి. అది ఆమె పీల్చే గాలిలో ఉంది. దాని నుంచి తప్పించకపోతే నేనిచ్చే మందులు ఎక్కువ రోజులు పని చెయ్యవు."

మళ్లీ పావురాలు, మళ్లీ కోళ్లు, మళ్లీ గడ్డి. మా ఆయనా వాళ్లమ్మలాగే లేవు లేవు అని తల అడ్డంగా ఊపాడు. డాక్టరు తల పట్టుకున్నాడు. మా అత్త మాత్రం ఆ సంగతి వదిలేసి, తన లోపలి నీళ్లలో గుర్తులు చూశారన్న దగ్గరే ఆగిపోయి ఉంది. ఆమెకు అది ఎక్కడో తెలిసిన వ్యవహారంలా అనిపించింది.

"అప్పా, ఒకటి అడగతా. పురుగు గుడ్లు అమ్మే సెంటర్లో, గుడ్లు పెట్టిన తల్లి పురుగును నూరి, మైక్రోస్కోపులో సూసి, రోగం ఉండాదో లేదో సెప్తారే. అట్లనా ఇది? నన్ను నూరకుండానే సూసినారా?"

డాక్టరు చేతిలో పెన్ను పక్కన పెట్టాడు.

"ఏ పురుగమ్మా?"

మా అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేనిక ఆగలేకపోయాను. తట్టల సంగతీ, చంద్రికల సంగతీ, హాలంతా లేచే తెల్లటి నూగు సంగతీ, మేం వాటి మధ్యే పడుకునే సంగతీ అన్నీ చెప్పేశాను. ఆయన వింటున్నకొద్దీ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇల్లు వదిలి ఉన్నప్పుడెప్పుడైనా తగ్గిందా అని అడిగాడు. మా తమ్ముడి పెళ్లి గుర్తొచ్చింది. మదనపల్లె గాలీ కాదు, మా అమ్మ చారూ కాదు. అక్కడ పురుగులు లేవు. అంతే.

మేము ప్రేమతో ఆమెను నీడ పట్టున కూర్చోబెట్టి చేయించిన పనే ఆమె ఊపిరిని తింటూ వచ్చిందని మా ఆయనకు అప్పుడు అర్థమైంది. అతని ముఖం చూడలేకపోయాను.

"పురుగులే అని నూటికి నూరు పాళ్లు చెప్పలేను" అన్నాడు డాక్టరు. "కానీ కొన్ని నెలలు ఆ ఇంటికి దూరంగా ఉంచండి. మందు నేను చూసుకుంటాను."

ఇంటికి పోతూ కుప్పం రైల్వే స్టేషను దగ్గర ఒక బెంచీ మీద కూర్చున్నాం. మా ఆయన టీ తేవడానికి పోయాడు. మా అత్త మెల్లిగా మొదలుపెట్టింది. పురుగులు నాలుగో జ్వరం దాటి పండడానికి, అంటే గూడు కట్టడానికి వచ్చాయి. పండిన పురుగును ఏరి చంద్రికకు వెయ్యడం తన చేతికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఈ పంట ఒక్కటి అయిపోతే డాక్టరు చెప్పినట్టే చేస్తుందట.

నాకు ఒళ్లు మండింది. అన్నేళ్లలో మొదటిసారి ఆమె మీద అరిచాను. "పురుగులు పండేదానికి నువ్వు ఉండాల, నువ్వు ఉండేదానికి ఎవురూ వద్దా? ఆయప్ప ఆశ ఉందన్నాడు, వినపళ్లేదా? నీ లోపల అన్ని కణాలు నీ కోసం కొట్లాడతా ఉంటే, నువ్వేమో చంద్రిక అంటావే" అని ఇంకా ఏదేదో అన్నాను. మధ్యలో కళ్లు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాను. ప్లాట్‌ఫారం మీదివాళ్లు ఒక ముసలామెను కోడలు ఎట్లా సాధిస్తోందో చూసి తిట్టుకుని ఉంటారు.

మా అత్త అంతా విని, కాస్త ఊపిరి తీసుకుని, "నీకు తిట్టేది... రాదుమ్మే... గుక్క తిప్పుకోకుండా... తిట్టాల" అంది. తర్వాత మదనపల్లెకు పోతానని ఒప్పుకుంది.

వియ్యపురాలి ఇంట్లో నెలల తరబడి ఉండడం మా వైపు మామూలు సంగతి కాదు. మా అత్తకు అది చెప్పరాని నామోషీ. మొదటి వారం అన్నం దగ్గర కూడా మొహమాటపడింది. రెండో వారానికి వంటింట్లో పోపు డబ్బాల వరస మార్చేసింది. "వదినా, నీ చారుతోనే నేను బాగయితాండానులే" అని మా అమ్మను ఉబ్బించి, తనకు కావలసిన కూర చేయించుకునేది. స్టెరాయిడ్ మాత్రలకు ఆకలి ఎక్కువై, ముఖం గుండ్రంగా ఊరింది. నేను చూడ్డానికి పోయినప్పుడల్లా మా అమ్మ నన్ను పక్కకు లాగి మీ అత్త నోటికి తాళం లేదు తల్లీ అని మొర పెట్టుకునేది. ఆ మొర వినడం నాకు ఎంత ఇష్టంగా ఉండేదో మా అమ్మకు చెప్పలేదు.

మళ్లీ కుప్పం పోయినప్పుడు డాక్టరు ఆమెను వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించి చూశాడు. మచ్చకట్టిన చోటు మచ్చకట్టినట్టే ఉంటుంది, అది వెనక్కి రాదు, మందు పూర్తిగా మానడం కుదరకపోవచ్చు అన్నాడు. కానీ కొత్త మచ్చలు లేవు. మిగిలిన ఊపిరితిత్తి బాగా పని చేస్తోంది. "మీ ఎనిమిది గుర్తు మంద మాట నిలబెట్టుకుందమ్మా" అని నవ్వాడు.

ఆమె తిరిగి వచ్చేలోపల మా ఆయన ఇంటిని ఖాళీ చేశాడు. తట్టలు దించాడు. చంద్రికలు ఎదురింటివాళ్లకు ఇచ్చేశాడు. గోడలు గీకి సున్నం కొట్టించాడు. మల్బరీ పీకి టమోటా పెట్టాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు మా అత్త ఖాళీ హాలు మధ్యలో చాలాసేపు నిలబడింది. ఎంత పెద్దదో ఈ ఇల్లు అంది.

కొన్నాళ్లకు ఎదురింట్లో పురుగులు పండాయి. ఆ ఇంటి కోడలు కొత్తది, చేతి సాయానికి రమ్మని పిలిస్తే పోయాను. పండిన పురుగు ఒళ్లు తేటపడి, వెలుతురుకు పెడితే లోపలి రంగు కనిపిస్తుంది. వాటిని ఏరి చంద్రికల మీద వేస్తున్నాం. అంతలో వీధిలో మా అత్త గొంతు వినిపించింది. పురుగులున్న ఇంటి గడప దాటకూడదని డాక్టరు ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి వీధి మధ్యలోనే నిలబడింది. ఒకప్పుడు ఊరందరినీ గడప అవతల నిలబెట్టిన మనిషి ఇప్పుడు తనే గడప అవతల ఉంది.

"ఏమ్మే, అట్లా కుప్పలుగా పోస్తే ఒగదాని మీద ఒగటి ఎక్కి రెండు పురుగులూ ఒగే గూట్లో సస్తాయి, సన్నగా సల్లాల, నీకు ఎన్నిసార్లు సెప్పినాను, పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చినావు, అది మాడి ఊరంతా వాసన వస్తాండాది, తల మీద ఆ నూగు పెట్టుకోని నేరుగా ఇంట్లోకి వస్తివంటే సూడు, బాయి కాడ తలకు పోసుకోని, కోక మార్చుకోని, అప్పుడు రావాల, మదనపల్లె దొరసానికి ఇయన్నీ యాడ తెలస్తాయిలే..."

నేను పురుగులు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఎక్కడ ఆగుతుందో అని వింటున్నాను. గుంజ పట్టుకోవడానికి వీధిలో గుంజ కూడా లేదు. ఆమె ఆగలేదు. మా నాన్న మీదుగా, మా అమ్మ చారు మీదుగా, రోడ్డు దాకా పోయింది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురింటి కోడలు గాభరాపడి నా చెయ్యి పట్టుకుంది.

"అత్త తిట్టిందని ఏడుస్తాండావా అక్కా?" అంది.

అవునన్నాను.